తేటనీళ్ల తొందర

కొత్త అక్వేరియంలో నీళ్లు తెల్లబడగానే తొట్టి మొత్తం కడిగేస్తాం. చేపలకు ముప్పు ఆ తెలుపు వల్లా, మన కడుగుడు వల్లా?

కొత్త అక్వేరియం కొన్న ఇళ్లలో మూడోనాడు ఒకటే కలవరం. మొదటిరోజు గాజేదో నీరేదో తెలియనంత తేటగా ఉన్న తొట్టి, మూడోనాటికి బియ్యం కడుగు నీళ్లలా తెల్లబడుతుంది. గృహప్రవేశానికో, వాస్తు చెప్పినాయన మాట మీదో ఈశాన్య మూలన పెట్టిన తొట్టి అయితే కలవరం రెట్టింపు, ఎందుకంటే చుట్టాలు వచ్చేదీ ఆ వారంలోనే. బళ్లారి సత్యనారాయణపేటలోనైనా, సరిహద్దు దాటి గుంతకల్లులోనైనా ఇంటివాళ్లు అప్పుడు చేసే పని ఒకటే. చేపల్ని బకెట్లోకి మార్చి, నీళ్లన్నీ తోడిపోసి, గులకరాళ్లు బయట కుమ్మరించి రుద్ది, ఫిల్టరు స్పాంజిని కొళాయి కింద పిండి, మళ్లీ కొత్తనీళ్లు నింపుతారు. రెండ్రోజులు బాగుంటుంది. మళ్లీ తెల్లబడుతుంది. మళ్లీ కడుగుతారు. ఈసారికి చేప ఒకటో రెండో తేలతాయి. నింద చేపలమ్మిన దుకాణం మీదికో, బళ్లారి నీళ్ల మీదికో పోతుంది. కానీ ఆ తెలుపు చాలావరకు ప్రమాదం లేనిది, దాన్ని పోగొట్టాలన్న తొందరే ప్రమాదం. ఇంకా చెప్పాలంటే, చాలా తొట్లలో చేపలకు అసలు గండం నీళ్లు తేటపడ్డాకే వస్తుంది.

ముందు ఏ తెలుపు సంగతి మాట్లాడుతున్నామో తేల్చుకోవాలి, ఎందుకంటే మసకలన్నీ ఒకటి కావు. నింపిన గంటలోనే మసకగా ఉంటే అది మట్టి. హగరి ఇసుకో, కొండరాళ్ల ముక్కలో సరిగ్గా కడక్కుండా వేసినందువల్ల వచ్చింది. సండూరు గనుల వైపు నుంచి వచ్చే ఎర్రదుమ్ము పట్టిన రాళ్లయితే చెప్పనక్కర్లేదు. ఇలాంటి మసకకు కడుగుడే మందు, అందులో వాదన లేదు. బోరునీళ్లు పోసి గాలిమోటారు వేసిన కాసేపటికి తెల్లబడితే అది సున్నం కావచ్చు. భూమిలో ఉన్నప్పుడు ఆ నీటిలో కలిసి ఉన్న బొగ్గుపులుసు వాయువు బుడగలతో పాటు బయటికి పోగానే, దాని అండతో కరిగి ఉన్న సున్నం విడిపోయి పొడిగా కనిపిస్తుంది. గ్లాసుడు నీళ్లు తీసి నాలుగు చుక్కల వెనిగర్ వేస్తే సున్నపు తెలుపు విరిగిపోతుంది. అదే గ్లాసును రాత్రంతా కదపకుండా ఉంచితే మట్టి అడుగుకు దిగుతుంది. వెనిగర్‌కు కరగక, పొద్దుటికీ అడుగుకు చేరక, అలాగే వేలాడే తెలుపు మూడోది. అది ప్రాణమున్న తెలుపు, కోట్ల కోట్ల బాక్టీరియా. కొత్త తొట్టిలో రెండోరోజుకీ అయిదోరోజుకీ మధ్య వచ్చేది ఎక్కువగా ఇదే. ఆకుపచ్చ మసక వేరే కథ. ఎండ పడే కిటికీ పక్కన పెట్టిన తొట్లలో, అదీ కొన్ని వారాలకు గాని రాదు.

ఈ బాక్టీరియా ఎక్కడినుంచో దాడిచేసినవి కావు. కొళాయి నీళ్లలోని క్లోరిన్ సంపులోనో తొట్టిలోనో ఆవిరైపోయాక, తినకుండా మిగిలిన మేత, చేపల పెంట, అలంకారానికి వేసిన కట్టె ముక్క నుంచి ఊరే సారం వీటికి విందు. పోటీకి ఎవరూ లేని కొత్త ఇల్లు. ఈ జాతుల్లో చాలావాటికి ఒకటి రెండు కావడానికి గంట కూడా పట్టదు. అందుకే నిన్న లేని మసక ఇవాళ కనిపిస్తుంది. తినేది అయిపోగానే, వీటిని తినే సూక్ష్మజీవులు పెరగగానే, ఏ మందూ లేకుండా కొద్ది రోజుల్లో, మహా అయితే రెండు వారాల్లో దానంతటదే విరిగిపోతుంది. తొట్టికి నిజంగా కావలసిన బాక్టీరియా వేరే ఉంది. చేప మొప్పల నుంచి వచ్చే అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చేవి అవి. మట్టిలో ఈ పని చేసే జీవుల్ని 1890 ప్రాంతంలో సూక్ష్మజీవ శాస్త్రవేత్త వినోగ్రాడ్‌స్కీ విడిగా పెంచి చూపించాడు. ఆ తర్వాత వందేళ్లపాటు అక్వేరియం పుస్తకాలన్నీ నైట్రోబాక్టర్ పేరే చెప్పాయి. 1998లో పరిశోధకుడు హోవానెక్, సహచరులు మంచినీటి తొట్లను పరీక్షించి, నైట్రైట్‌ను తినేది నైట్రోస్పైరా జాతి అని తేల్చారు. 2015లో మొత్తం పనిని ఒక్కటే పూర్తిచేయగల నైట్రోస్పైరా కూడా దొరికింది. దాన్ని కనుగొన్న రెండు బృందాల్లో ఒకదానికి అది చిక్కింది చేపల పెంపకపు ఫిల్టరులోనే. పేర్లు మారినా ఇల్లు నడిపేవాళ్లకు పనికొచ్చే సంగతులు రెండు మారలేదు. ఇవి చాలా నెమ్మదిగా పెరుగుతాయి, ఒకటి రెండు కావడానికి సగం రోజు, ఒక్కోసారి రోజు పైనే పడుతుంది. పైగా ఇవి నీటిలో తేలవు. గులకరాళ్లకు, స్పాంజికి, గాజుకు జిగురుగా అంటుకుని బతుకుతాయి. తొట్టిలో ఇవి నిలదొక్కుకోవడానికి మూడు నుంచి ఆరు వారాలు కావాలి.

ఈ రెండు వేగాల తేడాలోనే అసలు చిక్కంతా ఉంది. కంటికి కనిపించే బాక్టీరియా వారంలో వచ్చి పోతుంది. కంటికి కనిపించనిది ఆ వారానికి ఇంకా మొలకెత్తుతూ ఉంటుంది. నీళ్లు తేటపడ్డాయి గదా అని యజమాని ధైర్యంగా ఇంకో అరడజను చేపలు తెచ్చేదీ, మేత పెంచేదీ సరిగ్గా అప్పుడే. ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టిలో రాళ్లు పోగా ఉండేది సుమారు 50 లీటర్లు. రోజుకు ఒక గ్రాము మేత వేశారనుకోండి. అందులో నూటికి 40 వంతులు మాంసకృత్తులు, మాంసకృత్తుల్లో నూటికి 16 వంతులు నత్రజని. అంటే 64 మిల్లీగ్రాములు. చేప ఒంటికి పట్టేది పట్టి, సగమే అమ్మోనియాగా బయటికొచ్చిందనుకున్నా 32 మిల్లీగ్రాములు, లీటరుకు 0.6 పైన. ఇది ఒక్కరోజు లెక్క. అమ్మోనియాను తినే బాక్టీరియా లేని తొట్టిలో నాలుగు రోజులకు రెండున్నర దాటుతుంది. నీళ్లు మాత్రం అద్దంలా మెరుస్తూనే ఉంటాయి, అమ్మోనియాకు రంగు లేదు గనుక.

ఇక్కడే బళ్లారి నీళ్ల సంగతి వస్తుంది. అమ్మోనియా మొత్తం విషం కాదు. అందులో ఎంత వంతు విషరూపంలో ఉంటుందన్నది నీటి పీహెచ్, వేడి నిర్ణయిస్తాయి. 30 డిగ్రీల నీటిలో పీహెచ్ 7 ఉంటే విషరూపం నూటికి ఒక వంతు కూడా ఉండదు. 8 అయితే సుమారు 7 వంతులు, 8.5కు చేరితే 20. ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటే ఊళ్లో తొట్టి నీళ్లు 30 డిగ్రీలుండడం వింతేమీ కాదు. ఊరికి తాగునీరు తుంగభద్ర కాలువల నుంచి వస్తుంది. కాలువ ఆగిన నెలల కోసం అల్లీపురం జలాశయంలో నిల్వచేస్తారు. అది రోజూ రాదు, కొన్ని రోజులకోసారి వస్తుంది. చాలని ఇళ్లలో బోరునీళ్లు కలుపుతారు, అవి కఠినజలాలు, క్షారగుణం ఉన్నవి. అందుచేత ఒకే మోతాదు అమ్మోనియా మెత్తని నీళ్లున్న ఊళ్లో చేపను నలత పెడితే ఇక్కడ చంపేయగలదు. తొట్టిలో అందానికి తాడిపత్రి నాపరాయి ముక్కలో, పాలరాతి చిప్సో వేసినవాళ్లు సున్నాన్ని ఇంకా పెంచుతున్నారు. ఇవే కాలువల నీళ్లు అనంతపురం వైపూ, ఆదోని, ఎమ్మిగనూరు వైపూ పోతాయి గనుక ఈ హెచ్చరిక అక్కడివాళ్లకూ చెల్లుతుంది.

మసకనీటిలో చేప బతుకుతుందంటే నమ్మలేనివాళ్లు భీమవరం చెరువుల వైపు చూడాలి. రొయ్యల రైతుకు తేటనీళ్లంటే భయం. పళ్లెం లాంటి బిళ్లను నీటిలోకి దించి, అది 30, 40 సెంటీమీటర్ల లోతున కనుమరుగైతే నీరు బాగుందంటాడు. అడుగు కనిపిస్తే దిగులుపడతాడు. బయోఫ్లాక్ పద్ధతి ఇంకో అడుగు ముందుకు వేసింది. ఇజ్రాయెల్ శాస్త్రవేత్త యోరామ్ అవ్నిమెలెక్ వంటివారు రూపుదిద్దిన ఈ పద్ధతిలో, మన హాలులో మనల్ని కలవరపెట్టే ఆ బాక్టీరియానే పనిగట్టుకుని పెంచుతారు. నీళ్లలో బెల్లం కలుపుతారు. ఆ తీపి తిని పెరిగే బాక్టీరియా తన ఒంటిని కట్టుకోవడానికి నీటిలోని అమ్మోనియాను లాగేసుకుంటుంది; ఆ ముద్దల్నే మళ్లీ రొయ్యలూ చేపలూ తింటాయి. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద ఈ తొట్లకు ప్రభుత్వం సబ్సిడీ కూడా ఇచ్చింది. అలాగని ఇంటి అక్వేరియంలో బెల్లం కలపమని కాదు. ఆ ప్రయోగం ఎవరూ చేయవద్దు. బయోఫ్లాక్ తొట్టిలో రాత్రీపగలూ గాలిమోటార్లు హోరెత్తుతూ ఉంటాయి. అవి ఆగితే కొద్ది గంటల్లోనే సరుకంతా పోతుంది. అంటే మసకనీటితో ఉన్న నిజమైన ప్రమాదం దాని తెలుపు కాదు, అది తాగేసే ప్రాణవాయువు. 20 డిగ్రీల నీరు లీటరుకు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలిగితే 30 డిగ్రీల నీరు ఏడున్నరే పట్టుకుంటుంది. ఆ తక్కువలోనే చేపలూ, కోట్ల బాక్టీరియా పంచుకోవాలి. తెల్లనీళ్లున్న వారంలో చేపలు పైకొచ్చి గుటకలేస్తున్నాయంటే నీరు మార్చమని కాదు, గాలి పెంచమని అర్థం. కరెంటు బిల్లుకు జడిసి రాత్రిళ్లు మోటారు ఆపేసే అలవాటు మన ఇళ్లలో చాలా ఉంది. ఆ కొన్ని వాట్ల పొదుపు చేపకు ఊపిరాడనీయదు, స్పాంజిలో అప్పుడప్పుడే కుదురుకుంటున్న బాక్టీరియానూ చంపుతుంది.

ఈ తికమక కొత్తదేమీ కాదు. గాజుపాత్రలో చేపల్ని నిలకడగా బతికించిన తొలి ప్రయోగాల్లో ఒకటి లండన్ రసాయనవేత్త రాబర్ట్ వారింగ్టన్‌ది. 1850లో ఆయన దాన్ని అక్కడి కెమికల్ సొసైటీకి నివేదించాడు. రెండు గోల్డ్‌ఫిష్‌లు, వాలిస్నేరియా మొక్క, పాత్ర నిండా నీళ్లు. మొక్క ప్రాణవాయువునిస్తుంది, చేప దాన్ని పీలుస్తుంది, సరిపోయిందనుకున్నాడు. సరిపోలేదు. రాలిన ఆకులు కుళ్లి నీళ్లు మసకబారాయి, గాజుకు పాచి పట్టింది. వారింగ్టన్ నీళ్లు పారబోసి మళ్లీ మొదలుపెట్టలేదు. కుళ్లు తినే ప్రాణి ఏదో ఇందులో లోపించిందని ఊహించి చెరువు నత్తల్ని వదిలాడు. నీళ్లు తేటపడ్డాయి, ప్రయోగం నిలబడింది. 1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో జనం కోసం చేపల ఇల్లు తెరిచేనాటికి ఈ రకం ఆలోచనే దానికి పునాది. నత్తలు ఇవాళ మనకు తప్పనిసరి కాదు. కానీ లోపించినదాన్ని చేర్చడానికీ, ఉన్నదంతా తుడిచేయడానికీ ఉన్న తేడా మాత్రం ఆయన దగ్గర నేర్చుకోదగ్గదే.

తొట్టిని కడిగేయవద్దన్న మాటకు ఎదురు వాదనలు లేకపోలేదు, కొన్ని బలమైనవే. మొదటిది: మనం తాగే నీటికి తేటదనం తప్పనిసరి అని ప్రమాణాలు చెబుతున్నాయి గదా, చేపకు ఎందుకు కాదు? నిజమే, భారతీయ ప్రమాణం తాగునీటి మసకను 1 ఎన్‌టీయూ (మసకను కొలిచే యూనిట్) లోపు ఉంచమంటుంది. అయితే తాగునీటిలో మసక రోగక్రిములకు చాటు ఇస్తుంది, క్లోరిన్‌ను వాటిదాకా పోనీయదు. తొట్టిలో మనం క్లోరిన్‌తో క్రిమిసంహారం చేయడమే లేదు. అదే ప్రమాణం తాగునీటిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలంటుంది; మనకు రక్షణగా ఉన్న ఆ మోతాదు చేప మొప్పలకు గాయం. మనిషి నీళ్ల కొలబద్ద చేప నీళ్లకు పనికిరాదనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

రెండో వాదన ఇంకా గట్టిది. అమ్మోనియా అంత విషమైతే నీళ్లన్నీ మార్చేస్తే అదీ పోతుంది గదా, కడిగేవాళ్లు చేస్తున్నది మంచిపనే గదా? సగం ఒప్పుకోవాలి. నీళ్లు మార్చడం తప్పు కాదు. బాక్టీరియా రాళ్లకు అంటుకుని ఉంటుంది గనుక నీళ్లలో పావువంతు తీసి, రాత్రంతా నిలవ ఉంచిన నీళ్లు పోస్తే నష్టమేమీ లేదు, అమ్మోనియా ఆ మేరకు పలచబడుతుంది. చేటు చేసేది దానితో పాటు జరిగే పనులు. రాళ్లు రుద్దడంతో, స్పాంజిని క్లోరిన్ నీళ్ల కింద పిండడంతో రెండు వారాల పెరుగుదల గంటలో సింకులోకి పోతుంది. ఒక్కసారిగా వేడి, పీహెచ్ మారి చేప అదిరిపోతుంది. కొత్తనీళ్లలో పోటీ లేని ఇల్లు మళ్లీ తయారు గనుక తెలుపు కూడా మళ్లీ వస్తుంది. కొన్ని రోజులకోసారి నీళ్లొచ్చే ఊళ్లో ప్రతిసారీ 50 లీటర్లు పారబోయడం ఏం న్యాయమో కూడా ఆలోచించాలి. ఒక లాభం మాత్రం ఆ కొరతే తెచ్చిపెట్టింది: సంపులో రోజుల తరబడి నిలిచిన నీళ్లలో క్లోరిన్ దాదాపు మిగలదు. నీళ్లు తాజాగా కొళాయిలో పట్టి పోసేవాళ్లకన్నా ఈ విషయంలో సంపునీళ్ల వాళ్లే నయం.

ఇక మందుల సంగతి. వానాకాలం కాలువనీళ్లు ఎర్రగా వస్తే బిందెలో పటిక తిప్పడం, అంతకుముందు తరాల్లో కుండ లోపల ఇండుపగింజ అరగదీయడం మనవాళ్లకు తెలిసిన విద్యే. అవి నిజంగా పనిచేస్తాయి, మట్టి మీద. తేలే రేణువుల్ని ముద్దచేసి అడుగుకు దింపుతాయి. అక్వేరియం దుకాణంలో అమ్మే క్లారిఫయర్ చుక్కల్లో చాలావాటి పనీ ఇదే. మట్టి మసకకు వాటితో ఉపయోగం ఉంది. బాక్టీరియా మసక మీద వేస్తే కొంత ముద్దకట్టి దిగుతుంది గాని, దాన్ని పెంచిన మేత అక్కడే ఉంది గనుక రేపటికి మళ్లీ తయారు. పైగా పటిక నీటిలోని క్షారాన్ని తింటుంది. బోరునీళ్లలో ఆ నష్టం తెలియదు. ఆర్‌ఓ నీళ్లు పోసిన తొట్టిలో పీహెచ్ ధబాలున పడిపోతుంది. ఫ్లోరైడ్ భయంతో ఆర్‌ఓ పెట్టుకున్న ఇళ్లలో చేపకూ అవే స్వచ్ఛమైన నీళ్లివ్వాలన్న మంచి మనసు కనిపిస్తుంది, కానీ అది అపకారమే. అమ్మోనియాను మార్చే బాక్టీరియాకు ఆ పనిలో క్షారం ఖర్చవుతుంది. ఒక గ్రాము నత్రజనికి సున్నం లెక్కలో ఏడు గ్రాములు. అదేమీ లేని ఆర్‌ఓ నీటిలో వాటి పని మధ్యలోనే ఆగిపోతుంది. కఠినజలాలను తిట్టుకునే మనకు ఇదొక ఊరట: గప్పీలకు, మోలీలకు ఆ నీళ్లే ఇష్టం. యూవీ దీపం గురించి అడిగేవాళ్లకు జవాబు సూటిగానే ఉంది. అది తేలే బాక్టీరియాను చంపుతుంది, రాళ్లమీది దాని జోలికి పోదు, తెలుపు పోతుంది, అమ్మోనియా అలాగే ఉంటుంది. డబ్బుంటే పెట్టుకోవచ్చు, దాన్ని చూసి చేపలు పెంచకూడదు. యాంటీబయాటిక్ పొడులు వేయడం మాత్రం శుద్ధ అవివేకం.

మరి తెల్లబడ్డ వారంలో చేయవలసింది ఏమిటి? చాలావరకు చేతులు కట్టుకోవడమే, అదే అందరికీ కష్టం. మేత ఆపాలి, లేదా రెండురోజులకోసారి చిటికెడు. ఆరోగ్యమైన చేప వారం పస్తున్నా చావదు. గాలి పెంచాలి. కుళ్లే ఆకు, మేత కనిపిస్తే గొట్టంతో పీల్చేయాలి. హైడ్రిల్లా గుప్పెడు వేసినా, సీసాలో పెరిగే మనీప్లాంట్ వేళ్లు తొట్టిలోకి దించినా అవి నత్రజనిని తింటాయి. తేటదనం కన్నా నమ్మదగినది పరీక్ష చుక్కల సీసా. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపేదాకా నీళ్లు ఎంత మెరిసినా కొత్త చేప తేకూడదు.

ఖాళీ తొట్టిని నెలరోజులు ఎవడు చూస్తూ కూర్చుంటాడు, దుకాణాల వాళ్లు తొట్టి, చేపలు ఒకేరోజు అమ్మకపోతే వ్యాపారం ఎలా అన్నది ఆఖరి అభ్యంతరం, అన్నిటికన్నా మానవ సహజమైనది కూడా. దీనికి నీతులు చెప్పి లాభం లేదు. దగ్గరిదారి ఒకటుంది, అదే చెప్పాలి. ఏళ్లుగా నడుస్తున్న తొట్టి ఫిల్టరులోని పాత స్పాంజిలో మనకు కావలసిన బాక్టీరియా కాపురమే ఉంది. దాన్నో, దాని ముక్కనో కొత్త ఫిల్టరులో పెడితే వారాల పని రోజుల్లోకి వస్తుంది. తొట్టితో పాటు చవక ఫ్లవర్‌హార్న్ చేపను అంటగట్టే బదులు, తన పాత తొట్లలో నానబెట్టిన స్పాంజిని అమ్మే దుకాణదారు ఎవరైనా ఉంటే ఆయన దగ్గర కొనడం నయం. ఆ స్పాంజి పిండితే నీళ్లు మట్టిరంగుకు తిరిగి ఒకరోజు మరింత మసకగా కనిపిస్తాయి, అది చూసి కడిగేయకుండా ఉండాలి. అది ఇచ్చే తొట్టిలో గత రెండునెలల్లో తెల్లమచ్చల జబ్బు గాని, రెక్కలు కుళ్లే జబ్బు గాని రాలేదని అడిగి తెలుసుకోవాలి, స్పాంజితో పాటు రోగం కూడా వస్తుంది గనుక. తెచ్చేటప్పుడు కొళాయి నీళ్లు తగలనీయకుండా, ఆ తొట్టి నీళ్లలోనే ముంచి, పైన కాస్త గాలి ఉండే డబ్బాలో పెట్టి, ఎండ ముదరకముందే పొద్దున పూట తెచ్చి గంటలోపు ఫిల్టరులో వేయాలి.